భీముని కొలను మెట్లకు ఏది నిలుస్తుంది? శ్రీశైలం కాలినడక సామానుపై సమీక్ష

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో బయల్దేరి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే నల్లమల కాలిబాట 40 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. పులుల అభయారణ్యం కాబట్టి ఏడాది పొడవునా నడిచే దారి కాదు. మహాశివరాత్రికీ, ఉగాదికీ భక్తులు వేలల్లో కదులుతారు. ఉగాదికైతే కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చే మల్లన్న భక్తులదే ఎక్కువ సందడి. మొదటిసారి నడిచేవాళ్లు ఈ దారి కోసం కొనే సరుకుల్లో ఏది పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అన్నదే ఈ సమీక్ష.

కొలమానం ఒక్కటే పెట్టుకున్నాం: భీముని కొలను దిగుడు. సగానికి పైగా దూరం నడిచి, కాళ్లు బరువెక్కిన తర్వాత ఈ లోయ వస్తుంది. నిట్టనిలువు రాతిమెట్ల మీద అడుగుకు దిగి, మళ్లీ అంతే నిటారుగా కైలాసద్వారం దాకా ఎక్కాలి. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడిగా 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి పేరు చెబుతారు. పాతకాలపు రాతిమెట్లకు కొలత ఉండదు. ఒకటి జానెడు ఎత్తుంటే పక్కది మోకాలి దాకా వస్తుంది, అంచులు అరిగి నున్నగా ఉంటాయి. ఆయాసం వల్ల మధ్యలో ఆగిపోయేవాళ్లు తక్కువ. పాదాల్లో బొబ్బలు, నల్లబడ్డ గోళ్లు, బిగుసుకుపోయిన తొడలు, ఈ మూడే మనిషిని కూర్చోబెడతాయి. అందుకని డబ్బు ముందు పాదాల మీద పెట్టండి. వీపు మీది సంచి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చెప్పులు, బూట్ల దగ్గర మొదలుపెడదాం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తోలు ట్రెకింగ్ బూట్లు చూడటానికి గట్టిగా ఉంటాయి గానీ నల్లమల వేసవికి వేడి, బరువు. కాలికి అలవాటు పడటానికి నెలలు తీసుకుంటాయి. మంచు కొండలకు సరిపోయే సరుకు ఇక్కడ ఎందుకూ కొరగాదు. కాన్వాస్ బూట్లు చవకే కానీ అడుగు చదునుగా, పల్చగా ఉండటంతో పది కిలోమీటర్లు దాటాక కంకరరాళ్లన్నీ అరికాలికి తెలుస్తాయి. హవాయి చెప్పులు ఊళ్లో నడకకే. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ల సందులో పట్టీ కోసేస్తుంది, ఒక్క గుబ్బ ఊడితే ఇక చేతిలో పట్టుకుని నడవాలి. వెల్క్రో పట్టీల శాండల్స్ కొంత నయం. గాలి ఆడుతుంది, పాదం వాచినా పట్టీ వదులు చేసుకోవచ్చు. అయితే మడమ కిందికి ఇసుక చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది, బొటనవేలికి రక్షణ ఉండదు. ఈ కాలంలో అడవి ఆకు రాల్చి ఉంటుంది, రాళ్లూ చెట్ల వేళ్లూ ఎండుటాకుల కింద దాక్కుంటాయి కాబట్టి బొటనవేలికి దెబ్బ తగలడం ఖాయం.

మా ఓటు చీలమండ కిందికే ఉండే తేలికపాటి నడక బూట్లకు. మంచి పట్టున్న రన్నింగ్ బూట్లయినా చాలు. అడుగు మరీ మెత్తగా ఉండకూడదు. బూటును రెండు చేతులా పట్టి మెలితిప్పితే బట్టలా పిండుకుపోతే వదిలేయండి. సాయంత్రం పూట, వేసుకోబోయే మేజోళ్లతోనే కొనండి, ఎందుకంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే దిగుడులో గోళ్లు బూటు ముక్కుకు కొట్టుకుని నల్లబడతాయి. గోళ్లను ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే కత్తిరించుకోవాలి. బయల్దేరే పూట లోతుగా కత్తిరిస్తే మూలలు పచ్చిగా ఉండి నొప్పి పెడతాయి. యాత్రకు ముందే ఆ బూట్లతో 80 నుంచి 100 కిలోమీటర్లయినా నడిచి ఉండాలి.

లేసుల్లో ఒక కిటుకు ఉంది. పైనున్న చివరి రెండు రంధ్రాల్లో లేసును అదే వైపు తిప్పి చిన్న ఉచ్చుగా చేసి, ఎదుటి లేసును ఆ ఉచ్చులోంచి లాగి కట్టండి. మడమ వెనక్కి బిగిసి, పాదం ముందుకు జారదు. భీముని కొలను మెట్లు మొదలయ్యే చోట ఒక నిమిషం ఆగి ఇలా బిగించుకుంటే గోళ్లు బతుకుతాయి. పైకి ఎక్కేటప్పుడు మళ్లీ కాస్త వదులు చేసుకోవాలి.

అటక మీద మూడు నాలుగేళ్లు పడి ఉన్న 'కొత్త' బూట్లను మాత్రం నమ్మొద్దు. కొన్నిటి అడుగులో ఉండే పాలీయురేథేన్ నురుగు గాలిలోని తేమకు లోలోపలే చివికిపోతుంది. పైకి మెరుస్తూనే ఉంటాయి, పది కిలోమీటర్లకు అడుగు ముక్కలై ఊడిపడుతుంది. చేతి బొటనవేలి గోటితో అడుగు పక్కన గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పక్కన పెట్టేయండి.

మేజోళ్ల విషయంలో నూలు మంచిదన్న నమ్మకం బలంగా ఉంది. రోజూ వాడకానికి నిజమే. దూరం నడకకు మాత్రం నూలు చెమట పీల్చి తడిగానే ఉంటుంది, తడికి చర్మం నాని మెత్తబడుతుంది, మెత్తబడ్డ చర్మం రుద్దుడుకు బొబ్బలెక్కుతుంది. పాలిస్టర్, నైలాన్ కలిసిన ఆటల మేజోళ్లు మూడు జతలు తీసుకోండి. ఒకటి కాలికి, ఒకటి సంచికి పైన ఆరేసుకోవడానికి, ఒకటి రాత్రికి పొడిగా. బొబ్బలు త్వరగా వచ్చేవాళ్లు లోపల పల్చనివి, పైన మందంవి రెండు వేసుకుంటే రుద్దుడు ఆ రెండింటి మధ్యే జరిగిపోతుంది. బూటు కొన్నప్పుడే ఈ రెండు పొరలకూ చోటు చూసుకోవాలి.

పట్టీల్లో కాగితపు మైక్రోపోర్ టేపు గాయం మీద దూది నిలపడానికి బాగుంటుంది, చెమట పాదం మీద గంట కూడా నిలవదు. మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టరు చుట్టే మేలు. మడమ మీదో, బొటనవేలి కిందో వేడిగా, చుర్రుమన్నట్టు అనిపించగానే ఆగండి. అది బొబ్బకు పది నిమిషాల ముందు వచ్చే కబురు. పాదం తుడిచి, పూర్తిగా ఆరాక, మూలలు గుండ్రంగా కత్తిరించిన ముక్కను ముడత లేకుండా అంటించండి. మూలలు అలాగే వదిలేస్తే మేజోడుకు పట్టుకుని లేచిపోతాయి. బొబ్బ వచ్చేశాక తోలు ఊడదీయొద్దు, ఆ తోలే మంచి కట్టు. ప్లాస్టరు అంటించాల్సిన చోట ముందే వాజిలిన్ రాస్తే ఇక అంటుకోదు, ఏదో ఒకటే ఎంచుకోండి. వాజిలిన్‌ను తొడల సందుకు దాచుకోండి. తడిసిన పంచెతో తొడలు ఒరుసుకుంటే మంట భరించలేం. పంచె లోపల మోకాళ్ల దాకా వచ్చే బిగుతు నిక్కరు వేసుకుంటే ఆ బాధే రాదు.

దీక్షలో ఉండి ఉత్తకాళ్లతో నడిచేవారికి పైవేవీ వర్తించవు, వాళ్ల సన్నాహం వేరు. ఆరు వారాల ముందు నుంచి రోజూ మట్టిదారిలో అరగంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. చర్మం గట్టిపడటానికి ఆ మాత్రం సమయం కావాలి, నాలుగు రోజుల్లో జరిగే పని కాదు. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు తగిలే చోట్ల ఆగి, పొద్దు వాలాక కదలండి. ముల్లు తీయడానికి సన్న పట్టకారు, సూది, క్రిమిసంహారక మందు తప్పనిసరి. టీటీ ఇంజెక్షన్ గడువు చూసుకోండి. చక్కెర వ్యాధి ఉండి అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు ఉత్తకాళ్ల నడక పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. ముల్లు దిగినా తెలియదు, సాయంత్రానికి పుండవుతుంది. బూటు వేసుకుని నడిచినా మల్లన్న కాదనడు.

నీళ్ల సీసాల్లో స్టీలువి ఇంట్లోనే ఉంచండి, ఖాళీగానే బరువు. గొట్టం పెట్టి పీల్చుకునే నీళ్లతిత్తి సౌకర్యమే కానీ ఎంత మిగిలిందో కనిపించదు, ఉప్పునీళ్లు పోస్తే కడగడం కష్టం. లీటరు పట్టే తేలికైన సీసాలు రెండు చాలు: ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో ఓఆర్ఎస్ (లవణాలు, గ్లూకోజు ఉన్న పొడి కలిపిన నీళ్లు). పండుగ రోజుల్లో ప్రధాన మజిలీల్లో తాగునీరు, అన్నదానం, వైద్య శిబిరాలు ఉంటాయి, భక్త బృందాలు చేసే సేవ నిజంగా గొప్పది. కానీ మజిలీకీ మజిలీకీ మధ్య ఎండలో నడిచే గంటలు మనవే. గంటకు అరలీటరు లెక్క పెట్టుకుని గుక్కగుక్కగా తాగండి. చెరువు నీళ్లు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగొద్దు. క్లోరిన్ బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసి వేసి, అరగంట ఆగాలి.

ఓఆర్ఎస్ మీద రెండు మాటలు. ఎలక్ట్రాల్ అనే ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్టు 21.8 గ్రాములు, సరిగ్గా లీటరు నీళ్లకు. సగం ప్యాకెట్టు ఉజ్జాయింపుగా సీసాలో దులపడం, చిన్న గ్లాసులో మొత్తం పోసేయడం రెండూ తప్పే. చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది, దాహం పెరుగుతుంది. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని కొనేవాళ్లు చాలామంది ఉండేవారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి, నాలుగు చాలు. ఉప్పు లేకుండా మంచినీళ్లే లీటర్లకొద్దీ తాగుతూ పోయినా తలనొప్పి, వికారం వస్తాయి. అప్పుడు ఇంకా నీళ్లు తాగించడం పొరపాటు.

తిండికి ఎక్కువ మోయక్కర్లేదు. పల్లీ ఉండలు, ఖర్జూరం, వేయించిన అటుకులు, బెల్లం ముక్క. మొదటి పూటకు పులిహోర బంగారం, చింతపండు వల్ల సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. అన్నదానంలో కడుపునిండా తిని వెంటనే నడవకండి, ముప్పావు గంట పడుకుని లేవండి. శివరాత్రి ఉపవాసం ఉండేవాళ్లు నడక ముందురోజుకే ముగిసేలా బయల్దేరడం మంచిది. ఖాళీ కడుపుతో ఆ మెట్లు దిగితే కళ్లు తిరుగుతాయి.

సంచి 20 లీటర్లది. డెకాథ్లాన్‌లో క్వెచువా 20 లీటర్ల సాదా సంచి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, తేలిక కూడా. పిల్లల బడిసంచి ఉన్నా కొత్తది కొనక్కర్లేదు: రెండు భుజపట్టీలను ఛాతీ దగ్గర ఒక నాడాతో కలిపి కట్టండి, భుజాలు కోయవు. ఒక భుజానికే వేలాడే జోలెసంచి మాత్రం వద్దు, మెట్లమీద ముందుకు ఊగి మనిషిని తూలిస్తుంది. నీళ్లతో కలిపి ఐదు కిలోలు దాటకూడదు. పెద్ద దుప్పటి, టర్కీ తువ్వాలు తీసేసి పల్చని శాలువా, కండువా పెట్టండి. ఇంకా బరువుంటే రెండో జత బట్టలు తీసేయండి. మేజోళ్లు తీయొద్దు.

చేతికర్రకు కొనే కర్రలకన్నా వెదురుకర్రే మేలని మా అభిప్రాయం. మడిచే కర్రలు కొంటే బయట మీట నొక్కి బిగించేవే చూడండి. మెలితిప్పి బిగించే రకంలో నల్లమల దుమ్ము చేరితే బరువు వేసిన క్షణాన జారి పొట్టిదైపోతుంది. వెదురుకర్ర మోచేతి ఎత్తుకన్నా జానెడు ఎక్కువ ఉంటే దిగుడుకు వీలు. అడుగున కుర్చీ కాళ్లకు వేసే రబ్బరు బుష్ తొడగండి, రాయి మీద జారదు. టార్చి తలకు పెట్టుకునేదే తీసుకోండి, మెట్ల దగ్గర రెండు చేతులూ ఖాళీగా కావాలి. ఫోను లైటుతో నడిస్తే బ్యాటరీ పోతుంది, అడవిలో సిగ్నల్ వెతుక్కోవడంలో సగం అలాగే పోతుంది. చీకట్లో ఒంటరిగా మాత్రం కదలొద్దు, ఎలుగుబంట్ల అడవి ఇది.

ఇన్ని కొన్నా తొడలు సిద్ధం కాకపోతే లాభం లేదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, అలవాటు లేని కండరానికి ఆ పనే మర్నాడు మోకాళ్లు వంచలేనంత నొప్పి తెస్తుంది. ఎక్కడం ఎంత సాధన చేసినా దిగడానికి ఆ సాధన చాలదు. ఆరు వారాలు, వారానికి మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లు, ఆదివారం పదితో మొదలుపెట్టి పాతిక దాకా. దానికి తోడు ఐదంతస్తుల మెట్లు పదిసార్లు దిగండి, కావాలంటే లిఫ్టులో పైకి వెళ్లండి. తిరుపతి దగ్గర ఉన్నవాళ్లకు అలిపిరి 3550 మెట్లు మంచి పరీక్ష, ఎక్కి బస్సులో దిగిపోకుండా నడిచే దిగితేనే. చివరి వారం విశ్రాంతి, చిన్న నడకలు చాలు.

మొదటిరోజు తెల్లవారుజామునే జనంతో కలిసి బయల్దేరి, ఎండ ముదిరే లోపు నాగలూటి వీరభద్రుడి గుడి చేరి, పొద్దు వాలాక పెద్దచెరువు దాకా సాగితే, భీముని కొలను రెండోరోజు ఉదయం చల్లదనంలో పడుతుంది. ఎండుటాకుల దగ్గర కర్పూరం వెలిగించడం, పొయ్యి పెట్టడం చేయకండి, ఈ నెలల్లో నిప్పురవ్వ చాలు. ఖాళీ ప్యాకెట్లకు సంచిలో ఒక కవరు కేటాయించండి. శ్రీశైలం చేరాక దర్శనం వరుసలో గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు, అప్పటికి పాదాలు ఉబ్బి ఉంటాయి. వరుసలోకి వెళ్లే ముందే అరగంట కాళ్లు గోడకు ఎత్తిపెట్టి పడుకోండి. బూట్లు సంచికి కట్టేసి, వదులైన రబ్బరు చెప్పులు వేసుకోండి. ఆ చెప్పుల జత బరువు మాత్రం మోయక తప్పదు.