పాతకాపులా, కొత్త కుర్రాళ్లా: 2025-26 సీజన్‌లో హ్యూస్టన్‌కి ఏది మేలు?

2025 ఏప్రిల్ 7 రాత్రి, శాన్ ఆంటోనియోలో అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్ ఫైనల్, ఆఖరి సెకన్లు. మా టీమ్ హ్యూస్టన్ యూనివర్సిటీ, రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఇమాన్యుయేల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్ కోసం గాల్లోకి లేచాడు, ఎదురుగా ఫ్లోరిడా గార్డ్ వాల్టర్ క్లేటన్ చెయ్యెత్తి మీదకి దూకాడు, షాట్ వేస్తే బ్లాక్ అయిపోతుందని తెలిసి షార్ప్ బంతిని కిందకి వదిలేశాడు. అలా వదిలాక మళ్లీ తనే ముట్టుకుంటే ట్రావెలింగ్. అందుకని కళ్ల ముందు బంతి టప్ టప్ మంటుంటే దాన్ని ముట్టుకోకుండా పక్కన నిలబడిపోయాడు, ఫ్లోరిడా వాడు అలెక్స్ కాండన్ వచ్చి దాని మీద పడ్డాడు, అయిపోయింది. 65-63.

హ్యూస్టన్ పక్కనే కేటీ ఊళ్లో మా ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నార్త్ కరోలినా నుంచి మా బామ్మర్ది ఫోన్. వాడు డ్యూక్ యూనివర్సిటీ టీమ్ మనిషి, రెండు రోజుల ముందే సెమీస్‌లో వాళ్లని మేం ఇంటికి పంపించాం. "ఏంటి బావా, ఆ షాట్ వేసెయ్యాల్సింది కదా" అన్నాడు. గొంతులో ఓదార్పు, లోపల పండగ.

2025 నవంబర్ 3న కొత్త సీజన్ మొదలవుతోంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్ల ప్రీ-సీజన్ ర్యాంకుల్లో పర్డ్యూ ఒకటి, మేం రెండు. వాడికీ నాకూ నెల రోజులుగా ఒకటే వాదన: ఫైనల్ ఆడి ఓడిపోయిన పాతవాళ్లని నమ్ముకుంటే మేలా, హైస్కూల్లో అందరికన్నా పై రేటింగ్, అంటే ఐదు నక్షత్రాలు, తెచ్చుకుని కొత్తగా వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల చేతిలో టీమ్ పెడితే మేలా?

కాలేజ్ బాస్కెట్‌బాల్ ఎక్కువగా చూడనివాళ్ల కోసం ఒక్క మాట. హైస్కూల్ అయిపోయిన వెంటనే అమెరికా కుర్రాడు డ్రాఫ్ట్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టీమ్‌లు కొత్తవాళ్లని వరసగా ఎంచుకునే చోటికి, వెళ్లడానికి లేదు, పంతొమ్మిదేళ్లు రావాలి, స్కూల్ వదిలి ఏడాది గడవాలి. అందుకే బాగా ఆడేవాడు కాలేజీలో ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోతాడు. హాస్టల్ గదిలో బట్టలు సర్దుకునేలోపే ఖాళీ చేసినట్టు ఉంటుంది. అంత ప్రతిభ లేనివాడు మూడేళ్లో నాలుగేళ్లో ఉండి, ఆ కోచ్ తిట్లన్నీ తిని, ఇరవై రెండేళ్ల మనిషిగా తయారవుతాడు. మా కోచ్ కెల్విన్ సాంప్సన్ 2014లో హ్యూస్టన్‌కి వచ్చిన దగ్గర్నుంచి ఈ రెండో రకం వాళ్లతోనే నెగ్గుకొచ్చాడు. ఆయన ప్రాక్టీస్‌లో రింగు మీద మూత పెడతారు, ఏ షాట్ వేసినా లోపలికి పోదు, బయటికి ఎగిరిన బంతి కోసం అందరూ కొట్టుకోవాలి. షాట్లు వెయ్యడం బాగా వచ్చిన పిల్లాడికి అదెంత నరకమో ఊహించుకోండి.

ముందు పాతకాపుల సంగతి. షార్ప్, మిలోస్ ఉజాన్, జోసెఫ్ టగ్లర్. పోయిన సీజన్‌లో 35 గెలిచి 5 ఓడిన టీమ్‌లో అసలు పని చేసినవాళ్లలో ముగ్గురు. మేం ఆడే లీగ్ బిగ్ 12లో 19-1, ఆ ఒక్కటీ టెక్సస్ టెక్ చేతిలో, ఓవర్‌టైమ్‌లో, ఒక్క పాయింట్‌తో. షార్ప్, ఉజాన్ ఇద్దరూ మూడు పాయింట్ల షాట్లలో 40 శాతం పైనే వేశారు. ఉజాన్ అయితే డ్రాఫ్ట్‌కి పేరిచ్చి మరీ వెనక్కి తీసుకున్నాడు. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బులివ్వొచ్చు, ఒక్కో కాలేజీ అన్ని ఆటలకీ కలిపి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. డ్రాఫ్ట్‌లో ఏ చివర్లోనో పోయేకంటే ఇంకో ఏడాది ఉండటమే లెక్కకి బాగుంటుందని చాలామందికి అనిపిస్తే తప్పేముంది.

పర్డ్యూ మీద మ్యాచ్ గుర్తుందా? 60-60, ఉజాన్ బయట నుంచి బంతి లోపలికి వేశాడు, టగ్లర్ అందుకుని తిరిగి వాడికే ఇచ్చాడు, ఇంకా ఒక సెకను లోపే మిగిలి ఉండగా బుట్ట దగ్గర నుంచి లే-అప్ షాట్, గెలిచాం. అవతలివాళ్లు షార్ప్ ఎటు పరిగెడతాడా అని చూస్తూ ఉండిపోయారు. మొన్న వచ్చిన పిల్లలతో అంత నిబ్బరంగా ఆ ఆట ఆడించగలరా అంటే నాకు నమ్మకం లేదు.

ఇక డ్యూక్ సెమీస్. వాళ్ల దగ్గర కూపర్ ఫ్లాగ్, కాన్ క్నూపెల్, ఖమన్ మలువాచ్, ముగ్గురూ ఫ్రెష్‌మన్లే, అంటే కాలేజీలో మొదటి ఏడాది వాళ్లే, జూన్‌లో డ్రాఫ్ట్‌లో 1, 4, 10 స్థానాల్లో పోయారు. ఎనిమిది నిమిషాలుండగా వాళ్లు 14 పాయింట్లు ముందున్నారు, 35 సెకన్లుండగా ఆరు. మేం 70-67తో గెలిచాం. మధ్యలో మా టగ్లర్ చేసిన పని కూడా చెప్పాలి, గీత బయట నిలబడి బంతి వెయ్యబోతున్న డ్యూక్ వాడి చేతిలో బంతిని అడ్డంగా చెయ్యి పెట్టి కొట్టాడు, టెక్నికల్ ఫౌల్. నేను సోఫాలోంచి లేచి బూతు తిట్టాను, మా ఆవిడ పిల్లలున్నారని నన్ను తిట్టింది. నిమిషం తిరక్కుండా అదే టగ్లర్, మిలిక్ విల్సన్ వేసిన షాట్ తప్పితే గాల్లోనే అందుకుని డంక్ కొట్టాడు. తేడా ఒక్క పాయింట్. తప్పు చేసినవాడే దిద్దుకున్నాడు. రెండేళ్లుగా సాంప్సన్ తిట్లు తిన్నవాడు కాబట్టి కుంగిపోలేదని నా అభిప్రాయం, వాడి స్వభావమే అంత అంటాడు బామ్మర్ది.

కానీ ఇక్కడే నా వాదనకి ఒక చిల్లు ఉంది, బామ్మర్ది దాన్ని బాగానే పట్టుకున్నాడు. "బావా, ఆ రాత్రి మమ్మల్ని ఓడించింది ఎవరు? రాబర్ట్స్, క్రయర్, విల్సన్. వాళ్లున్నారా ఇప్పుడు?" లేరు. ఆఖర్లో ఫ్రీ త్రోలు రెండూ వేసి మమ్మల్ని ముందుకి తెచ్చిన జవాన్ రాబర్ట్స్ ఆరు సీజన్లు ఇక్కడే ఉండి వెళ్లిపోయాడు. ఎల్.జే. క్రయర్ మా కేటీ కుర్రాడే, ఎక్కువ పాయింట్లు వేసింది అతనే, అతనూ అయిపోయాడు. పాతకాపులు అని మనం ముచ్చటగా అనుకుంటున్నది సగం కాపులే.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఫైనల్‌లో రెండో సగంలో 12 పాయింట్లు ముందుండి ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో షాట్ కూడా వెయ్యకుండా బంతి పోగొట్టుకున్నది ఫ్రెష్‌మన్లు కాదు, అనుభవజ్ఞులే. అవతల గెలిచిన ఫ్లోరిడాలో క్లేటన్, విల్ రిచర్డ్, అలైజా మార్టిన్ ముగ్గురూ సీనియర్లు, ముగ్గురూ వేరే కాలేజీల్లో ఆడి వచ్చినవాళ్లు. అంటే పాతవాళ్లే గెలుస్తారన్న మాట నిజమే, కాకపోతే ఆ రాత్రి వాళ్ల పాతవాళ్లు గెలిచారు.

ఇక కొత్తవాళ్లు. శాన్ ఆంటోనియో నుంచి కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్, పాయింట్ గార్డ్, అంటే బంతి తీసుకొచ్చి ఆట నడిపేవాడు, మెరుపు కాళ్లు. లూజియానా నుంచి క్రిస్ సెనాక్, ఆరడుగుల పది అంగుళాల పైమాటే, అంత ఎత్తుండి బయట నుంచి కూడా షాట్ వేస్తాడు. ఐడహో నుంచి ఐజయా హార్వెల్, స్కూల్లో ఉండగా మోకాలికి పెద్ద దెబ్బ తగిలి తిరిగొచ్చినవాడు. ఈ స్థాయి వాళ్లు ముగ్గురు ఒకేసారి హ్యూస్టన్‌కి రావడం నేను చూడలేదు, ఒకప్పుడైతే ఇలాంటివాళ్లు మా వైపు తిరిగి కూడా చూసేవాళ్లు కాదు.

వీళ్లతో భయం ఏంటంటే చరిత్ర. ఫ్రెష్‌మన్లనే ముందు పెట్టుకుని కప్పు గెలిచినవాళ్లు ఎవరంటే 2012లో ఆంథనీ డేవిస్ ఉన్న కెంటకీ, 2015లో డ్యూక్, ఆ తర్వాత చెప్పుకోడానికి పేరు రాదు. మా ఇంట్లో సంగతే చూస్తే, 2022-23లో జరేస్ వాకర్ అని ఇలాంటివాడే వచ్చాడు, బాగా ఆడాడు, తర్వాత డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో పోయాడు. ఆ ఏడాది ఫైనల్ ఫోర్, అంటే సెమీస్, ఫైనల్, మా ఊళ్లోనే, ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో. మేం పదహారు టీమ్‌ల రౌండ్‌లోనే మయామీ చేతిలో 89-75తో తన్నులు తిని, మా ఊళ్లో మ్యాచ్‌లు వేరేవాళ్లు ఆడుకుంటుంటే టీవీలో చూశాం. అది వాకర్ తప్పు అనను, మా గార్డ్ మార్కస్ సాసర్ గజ్జల దగ్గర నొప్పితోనే ఆడాడు. అయినా చేదు చేదే.

అలాగని కొత్తవాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ల సీసాలు అందించమనడం కుదరదు, ఎందుకంటే రాబర్ట్స్ చేసిన పని పాత ముగ్గురిలో ఎవరికీ రాదు. బుట్ట దగ్గర వీపు ఆనించి, ఒకణ్ణి భుజంతో నెట్టి, తిరిగి చిన్న హుక్ వేసి రెండు పాయింట్లు తెచ్చే పని అది. షాట్లు పడని రోజు మా అన్నం అక్కడే ఉడికేది. టగ్లర్ డిఫెన్స్‌లో దేశంలోనే మొదటి వరసలో ఉంటాడు, చేతులు చాపితే ఏడున్నర అడుగులు, కానీ బంతి చేతికిచ్చి నువ్వే ఏదో ఒకటి చెయ్యి అంటే వాడి వల్ల కాదు. పైగా ఫౌల్స్. కాబట్టి సెనాక్ ఆడి తీరాలి, ఇందులో వాదనే లేదు. ఒళ్లు ఇంకా నిండలేదు, జనవరిలో బిగ్ 12లో ఇరవై మూడేళ్ల మొద్దులు నెడుతుంటే ఎలా ఉంటాడన్నదే నా టెన్షన్.

మూడో దారి కూడా ఉంది, పోర్టల్. వేరే కాలేజీల్లో ఆడినవాళ్లని తెచ్చుకోవడం.  సామ్ హ్యూస్టన్ అనే వేరే యూనివర్సిటీ నుంచి కలీఫా సాఖో వచ్చాడు, పొడుగు మనిషి. పనికొస్తాడు, పప్పులో ఉప్పులాగా, అంతకుమించి ఆశ పెట్టుకోను.

మరి ఏది మేలు? నా లెక్క చెప్తాను. గార్డుల దగ్గర పాతవాళ్లే, కాకపోతే ఉజాన్ ఒక్కడి మీదే భారం వెయ్యకుండా ఫ్లెమింగ్స్‌ని పక్కన పెట్టి ముగ్గురు గార్డులతో ఆడాలి, అప్పుడు షార్ప్ బంతి మొయ్యాల్సిన పని తగ్గి షాట్ల మీద పడతాడు, ఏప్రిల్‌లో మమ్మల్ని ముంచింది కూడా ఆ బంతి మోతే కదా. లోపల టగ్లర్ పక్కన సెనాక్. హార్వెల్‌కి తొందర లేదు, మోకాలు ముఖ్యం. టగ్లర్‌ కూడా మొదటి ఏడాది బెంచీ మీద నుంచే వచ్చాడు, ఏం తక్కువైంది? బామ్మర్ది మాత్రం మొదటి రోజు నుంచే తాళాలన్నీ ఫ్లెమింగ్స్ చేతికివ్వాలి అంటాడు. వాళ్ల డ్యూక్‌లో ఈసారి కామెరన్ బూజర్ చేతికి అలాగే ఇస్తున్నారు, అదే అలవాటు.

నవంబర్‌లో ఒకటో రెండో ఓడిపోతాం, రాసిపెట్టుకోండి. బర్మింగ్‌హామ్‌లో ఆబర్న్‌తో మ్యాచ్ ఉంది, థాంక్స్‌గివింగ్ వారంలో లాస్ వేగస్‌లో టోర్నీ ఉంది. పోయినేడు అంత పాత టీమ్ కూడా ఆబర్న్, అలబామా, శాన్ డియేగో స్టేట్ చేతుల్లో ఓడి 4-3తో మొదలైంది. అప్పుడు మా ఆఫీసులో లంచ్ దగ్గర సాంప్సన్ ముసలాడైపోయాడు అన్నవాళ్లున్నారు, మార్చిలో వాళ్లే ఎర్ర టీషర్టులు వేసుకొచ్చారు. 2025 అక్టోబర్‌తో సాంప్సన్‌కి 70 నిండాయి. ఆ వయసులో మా నాన్న కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఇవ్వాలి, ఈయన గీత పక్కన గంతులేస్తాడు.

బిగ్ 12లో అసలు పరీక్ష. కాన్సస్‌లో డారిన్ పీటర్సన్, బీవైయూలో ఏజే డిబాంట్సా, ఇద్దరూ ఫ్రెష్‌మన్లే, ఇద్దరూ మా ముగ్గురికన్నా పెద్ద పేరున్నవాళ్లు. టెక్సస్ టెక్‌లో జేటీ టాపిన్ తిరిగొచ్చాడు. నాకు ఎక్కువ భయం టాపిన్ అంటేనే, ఎందుకో ఇంకా చెప్పాలా.

ఏడుసార్లు ఫైనల్ ఫోర్‌కి వెళ్లి, 1983, 84, 2025ల్లో ఫైనల్ ఆడి, ఒక్క కప్పు లేని టీమ్ మాది. ఈసారి మార్చి ఆఖర్లో, ఫైనల్ ఫోర్‌కి ముందు జరిగే సౌత్ రీజినల్ మ్యాచ్‌లు మా ఊళ్లోనే, టొయోటా సెంటర్‌లో. 2023 గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తోంది కానీ టికెట్ల ధర అప్పుడే చూసేశాను. నిన్న రాత్రి బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఆ వారం నేనూ వస్తా, ఇప్పుడే అయితే ఫ్లైట్ చవగ్గా ఉంది, బుక్ చేసెయ్యనా?" అన్నాడు.

క్యాన్సిల్ చేసుకునే వీలున్న టికెట్ తీసుకోరా అన్నాను.