ఒంటరివాళ్ళకి తోడుగా వెళ్ళే వాలంటీరింగ్, ఏడాది చేశాక నా రివ్యూ (3.5/5)

సంస్థ పేరు చెప్పను. మానసిక ఇబ్బందులతో ఇల్లు కదలకుండా ఉండిపోయినవాళ్ళ దగ్గరకి వారానికో గంట వాలంటీర్లని పంపిస్తారు. చేరొచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే అందరికీ కలిపి రాసేస్తున్నా.

ట్రైనింగ్‌కి ఫుల్ మార్కులు. రెండు రోజులు, నిద్రొస్తుందేమో అనుకుంటూ వెళ్ళా గానీ అన్నిట్లోకీ అదే బాగుంది. మనం కౌన్సెలింగ్ చెయ్యడానికి వెళ్ళట్లేదు, మందుల గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు, డబ్బు ఇవ్వడం తీసుకోవడం ఉండదు, సొంత నంబర్ ఇవ్వకూడదు. వాళ్ళు చెప్పింది మన దగ్గరే ఉండాలి, కానీ ప్రాణం తీసుకునే మాట వస్తే మాత్రం కోఆర్డినేటర్‌కి వెంటనే చెప్పాలి, అలా చెప్తామని మొదటిరోజే ఆ మనిషికి కూడా చెప్పేస్తాం. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదంట, నేను ఇన్నాళ్ళూ దానికి రివర్స్‌లో అనుకున్నా.

అసలు ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో కూడా చెప్పారు. 1953లో లండన్‌లో చాద్ వారా అనే చర్చి పాస్టర్, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళ కోసం ఒక ఫోన్ లైన్ పెట్టాడు, సమారిటన్స్ అనే సంస్థ అలా మొదలైందే. ఆయన్ని కలవడానికొచ్చి బయట కూర్చున్నవాళ్ళకి వాలంటీర్లు టీ ఇచ్చి కబుర్లాడేవాళ్ళు, చాలామంది ఆ కబుర్లతోనే మనసు తేలికపడి ఆయన్ని కలవకుండానే వెళ్ళిపోయేవాళ్ళంట. 1954లో వినే పని మొత్తం వాలంటీర్లకే అప్పజెప్పేశాడాయన. ఇది విన్నాక నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఎందుకంటే నాకు వచ్చిందల్లా కబుర్లే.

ఇంక మ్యాచింగ్, అంటే ఏ వాలంటీర్ ఎవరి దగ్గరకి వెళ్ళాలో కుదర్చడం, ఇక్కడ ఒక మార్కు కట్. ట్రైనింగ్ అయిపోయి నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నా. ఫోన్ చేస్తే "చూస్తున్నామండీ" అంటారు అంతే. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధపెడుతోందని 2025లో డబ్ల్యూహెచ్‌ఓ రిపోర్టే చెప్పింది, మరి వస్తానన్న మనిషిని ఇలా కూర్చోబెడితే ఎలా?

చివరికి ఒక పెద్దాయన దగ్గరకి పంపారు. వెళ్ళగానే టీవీ పెద్ద సౌండ్‌తో మోగుతోంది, నేను కూర్చున్నా తగ్గించలేదు, నేనూ తగ్గించమనలేదు. ఆరు వారాలు ఇంతే, వార్తలు చూసి ఇంటికొచ్చేదాన్ని. ఏం చేస్తున్నాన్రా బాబూ అని నాకే డౌటొచ్చి కోఆర్డినేటర్‌ని అడిగితే "వద్దనలేదు కదా, వెళ్తూ ఉండండి" అన్నారు (ఆవిడ మంచావిడ, తర్వాత మానేశారు). ఏడో వారం నేను చెప్పులు విప్పుతుంటేనే లోపల సౌండ్ ఆగిపోయింది. చూస్తే రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, మాట్లాడలేదు గానీ టీవీ మ్యూట్‌లో ఉంది. ఇంకో నెలకి "పోయిన వారం వర్షంలో తడిసిపోయావేమో అనుకున్నానమ్మా" అన్నారు. నాకోసం ఒకళ్ళు ఆలోచించారా అని ఇంటికెళ్ళేదాకా అదే బుర్రలో తిరిగింది.

అసలు కంప్లైంట్ ఇప్పుడు చెప్తా. రూల్ ప్రకారం ఏడాదికి విజిట్లు ఆగిపోతాయి. ఆ రూల్ తప్పనట్లేదు, ఇంకొకళ్ళకి కూడా మనిషి కావాలి కదా. కానీ ముగింపు గురించి ఆ రెండు రోజుల ట్రైనింగ్‌లో పది నిమిషాలు కూడా చెప్పలేదు. ఏడాదిలో కోఆర్డినేటర్లు ముగ్గురు మారారు, మూడో ఆయనకి ఈ పెద్దాయన ఎవరో కూడా తెలీదు, ఇంకో రెండు వారాల్లో క్లోజ్ అని ఒక మెయిల్ పడేశారు. అసలే మనుషులు దూరమై ఇలా అయిన మనిషికి రెండు వారాల నోటీసా! గొడవపడి ఇంకో ఆరు విజిట్లు అడిగి తీసుకున్నా, చివరి రెండిటికీ కొత్త వాలంటీర్‌ని వెంటబెట్టుకెళ్ళా. ఆ అబ్బాయి మొదటిరోజు వెళ్ళగానే పెద్దాయన మళ్ళీ సౌండ్ పెంచారు. నేను నవ్వాపుకోలేకపోయా, ఆ అబ్బాయి మాత్రం బెదిరిపోయి నా వైపు చూస్తున్నాడు.

చేరాలనుకుంటే మాత్రం రెండు విషయాలు ముందే అడిగి మెయిల్‌లో రాయించుకోండి: మ్యాచింగ్‌కి ఎన్నాళ్ళు, ఏడాది అయ్యాక ఆ మనిషిని ఎవరు చూస్తారు. నేను మళ్ళీ పేరిచ్చా, ఇంకా "చూస్తున్నామండీ" దగ్గరే ఉంది.