పిల్లల సంగీతానికి ఏది మేలు: సంగీత పాఠశాలా, ఇంటికొచ్చే టీచరా, ఆన్‌లైనా?

జూన్ వస్తే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఇదే ప్రశ్న: "మా పాపను సంగీతంలో చేర్చాలండీ, ఎక్కడైతే బాగుంటుంది?" విజయదశమికి మళ్లీ ఇదే. మా అమ్మాయి విషయంలో ఈ మధ్యే ఒక నిర్ణయానికి వచ్చాను కాబట్టి, అందరికీ విడివిడిగా చెబుతున్నది ఒక్కచోట రాస్తున్నాను. ఇదంతా కర్ణాటక గాత్రం గురించే.

ముందు ఇంటి పాఠం సంగతి. పిల్ల ఒక్కతే కూర్చుంటుంది, టీచరు చెవి అంతా ఆ గొంతు మీదే ఉంటుంది. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలుపెట్టిన పిల్లలు చాలామంది రిషభం ('రి') దగ్గరే తప్పుతారు. అక్కడ పలకాల్సింది షడ్జాన్ని ('స'ను) ఆనుకునే ఉండే శుద్ధ రిషభం, వీళ్లేమో దాన్ని పైకి లాగేస్తారు. ఎదురుగా కూర్చున్న టీచరు వెంటనే ఆపి, కాసేపు 'స' మీదే నిలబెట్టి, శ్రుతి (వెనక మోగే ఆధార స్వరం) వినమని, మళ్లీ 'రి' అనిపిస్తారు. పెద్ద బ్యాచ్‌లో అందరూ కలిసి పాడుతుంటే ఈ తప్పు ఎవరికీ వినపడకుండానే గడిచిపోవచ్చు. ఇంటి పాఠానికి ఇది పెద్ద బలం, కాదనను.

చిక్కంతా ఇంట్లోవాళ్లతోనే. ఆరు నెలలు తిరక్కుండానే "ఇంకా పాట మొదలుపెట్టలేదా మేడమ్?" అని అడుగుతారు. వినాయక చవితికి అపార్ట్‌మెంట్ స్టేజి మీద పిల్ల ఏదో ఒకటి పాడాలి. ఫీజిచ్చేవాళ్లు పదేపదే అడుగుతుంటే టీచరు మాత్రం ఎంతకాలమని ఆపగలరు? జంట స్వరాలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే పాఠాలు) మూడో కాలంలో, అంటే మూడో వేగంలో, కుదరకముందే అలంకారాలు (తాళాలకు కట్టిన స్వర వరుసలు), అవి ఏడు తాళాల్లో నిలవకముందే గీతం అనే చిన్న పాట, ఆ వెంటనే ఒక కీర్తన. అలా వెళ్లిన పిల్ల, స్వరాలూ సాహిత్యమూ కలిసిన పెద్ద పాఠం వర్ణం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. నోరు ఒకవైపు, తాళం వేసే చెయ్యి ఒకవైపు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పించుకోవాల్సి వస్తే పిల్లలకు విసుగు పుట్టి మానేస్తారు.

ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో ఈ తొందర ఉండదు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు. సిలబస్ తల్లిదండ్రుల కోసం మారదు. ఫీజు కూడా నామమాత్రం. కానీ మా అమ్మాయిని అక్కడ చేర్చడానికి ఇవేవీ కారణం కాదు. అసలు కారణం వినికిడి.

తన క్లాసు అయ్యాక మా అమ్మాయి వరండాలో నా కోసం ఎదురుచూస్తుంటుంది. ఆ కాసేపట్లో ఒక గదిలోంచి పెద్ద పిల్లల వర్ణం, ఇంకో గదిలోంచి వయొలిన్ మీద అవే అలంకారాలు, చివరి గదిలోంచి మృదంగం పాఠం చెవిన పడతాయి. తను రేపు పాడబోయేదాన్ని ఈరోజే వింటోంది. నేర్పకుండానే ఒక వర్ణం పల్లవి కూనిరాగం తీస్తుంటే, గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఎక్కడ ఊగాలో తనకి సగం తెలిసిపోయి ఉంది. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లకు ఇది ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో ఎవరైనా పాడేవాళ్లుంటే వేరే మాట.

తెలుగునాట ఈ పద్ధతికి పునాది విజయనగరంలోనే పడింది. 1919లో అక్కడ మహారాజా సంగీత కళాశాల మొదలైనప్పుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ గురువు. ఆ ఆవరణలో తిరిగిన విద్యార్థి తన పాఠంతో పాటు ఎంత విని ఉంటాడో ఊహించుకోండి! తర్వాత విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా వచ్చింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అయితే ఇంకో సంగతీ చెప్పాలి. విజయనగరంలో ఘంటసాలను తన ఇంట్లో చేరదీసి పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి ఆ కళాశాల గాత్ర గురువే. అంటే మంచి గురువు దొరికితే బడి, ఇల్లు అనే గీత పెద్దగా మిగలదు.

పాఠశాలల్లో లోపాలూ ఉన్నాయి. టీచర్ పోస్టులు ఖాళీగా ఉండొచ్చు, కుదిరిన టీచరుకు మధ్యలో బదిలీ కావచ్చు. పరీక్ష దగ్గరపడితే పాఠం కాస్తా బట్టీ అయిపోతుంది. పదేళ్లు నిండని పిల్లలకు సాధారణంగా సీటివ్వరు కూడా. అందుకే ఏడెనిమిదేళ్ల పిల్లలకైతే నేను కూడా ఇంటి పాఠమే మేలంటాను, పదేళ్లు దాటాక పాఠశాలకు మార్చండి.

ఆన్‌లైన్ విషయానికొస్తే, అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి వేరే దారి లేదు. దగ్గర్లో గురువు ఉన్నవాళ్లకు మాత్రం ఆన్‌లైన్ మేలని నేను చెప్పను. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువూ శిష్యురాలూ కలిసి పాడలేరు, ఒకరి తర్వాత ఒకరు పాడుకోవాల్సిందే. పైగా వీడియో కాల్ యాప్‌లు తంబూరా నాదాన్ని ఫ్యాను మోత అనుకుని కత్తిరించేస్తాయి. తప్పనిసరైతే సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్ ఆపేసి, శ్రుతి బాక్స్ పిల్ల దగ్గరే పెట్టండి. ఇక యూట్యూబ్ చూసి నేర్చుకోవడం అంటారా, తప్పు పాడితే ఆపేవాళ్లు ఉండరు కాబట్టి మొదటి రెండేళ్లూ దాని జోలికి పోవద్దు.

పాఠశాలలో చేర్చేముందు ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. గాత్రానికి టీచరు ఎవరు, రెగ్యులరా, గెస్టా అని కనుక్కోండి. బ్యాచ్‌లో ఒక్కొక్కరి చేత విడిగా పాడిస్తున్నారో లేదో చూడండి. పాడించకపోతే, వారానికి ఒక్కసారైనా విడిగా వినమని టీచరును అడగండి. ఒప్పుకుంటే వెంటనే చేర్చేయండి. కుదరదంటే ఆ ఏడాది ఇంటి పాఠమే కొనసాగించి, పిల్లను సాయంత్రాలు కచేరీలకు తీసుకెళ్లండి.