పది కుర్చీల ఆఫీసుకు ఫోన్లు: పాత ఇంటర్‌కమ్ పెట్టె మేలా, ఐపీ ఫోన్లు మేలా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. కింద రిసెప్షన్, ఇద్దరు అకౌంటెంట్లు. మేడ మీద సార్ గది, ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలు ఆరుగురు, వెనక రికార్డు గది. బయటి లైన్లు రెండు. మొన్న మే నెలలో ఉరుముల వానకి పాత ఇంటర్‌కమ్ పెట్టె మాడిపోయింది. నన్ను పిలిపించి, కాఫీ చేతికిచ్చి ఆయన అడిగిన మొదటి మాట: "ఇప్పుడంతా ఐపీ అంటున్నారు కదయ్యా. మళ్లీ ఆ పాతదే పెట్టించుకుంటే జనం నవ్వరూ?"

నవ్వే సంగతి నాకు తెలీదు గానీ, ఇరవై రెండేళ్లుగా ఆఫీసుల్లో తీగలు లాగుతున్నవాణ్ని కాబట్టి ఎదురు ప్రశ్న వేశాను. "రోజు మొత్తంలో లోపల్లోపల ఎన్ని ఫోన్లు చేసుకుంటారు సార్? బయటికి ఎన్ని?" ఆయన రిసెప్షన్ అమ్మాయి వైపు చూశారు. "అంతా లోపలే సార్," అంది ఆ అమ్మాయి. "ఫైలు పైకి పంపించు, ఫలానావారు వచ్చి కూర్చున్నారు, ఇవే. బయటికి ఎవరి సెల్లు వాళ్లకుంది." ఈ జవాబుతో సగం బేరం తేలిపోయినట్టే. అయినా రెండో వైపు మాట కూడా చెప్పాలి కదా.

ముందు తేడా ఎక్కడుందో చూద్దాం. పాత పద్ధతిలో, అంటే ఈపీఏబీఎక్స్‌లో, తెలివంతా పెట్టెలోనే ఉంటుంది. పెట్టె నుంచి ఒక్కో ఫోనుకి ఒక్కో పెయిర్, అంటే రెండు తీగలు. అందులో 24 నుంచి 48 ఓల్టుల డీసీ నిలిచి ఉంటుంది, రింగు వచ్చినప్పుడు 75 ఓల్టుల ఏసీ పరిగెడుతుంది. (నిచ్చెన మీద నిలబడి తీగ ఒలుస్తుండగా రింగు వస్తే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.) ఐపీ, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో, ప్రతి ఫోనూ ఒక చిన్న కంప్యూటర్. దానికో అడ్రసు, పాస్‌వర్డు ఉంటాయి. మాట ముక్కలు ముక్కలుగా కంప్యూటర్ల నెట్‌వర్క్ మీదే వెళ్తుంది. మధ్యలో ఉండే ఐపీ పీబీఎక్స్ ఎవరు ఎక్కడున్నారో చూసి కలుపుతుందంతే.

తీగల దగ్గరే అసలు లెక్క

పాత పద్ధతి వైరింగు క్షమాగుణం ఉన్న వైరింగు. పెట్టె నుంచి ఎండీఎఫ్ బాక్సుకి (తీగలన్నీ కలిసే డబ్బాకి) 20 పెయిర్ల కేబులు, అక్కడ క్రోన్ మాడ్యూళ్లు (తీగలు నొక్కి బిగించే పట్టీలు), అక్కడినుంచి బల్లబల్లకీ రెండేసి తీగలు, చివర రోజెట్ బాక్సు (ఫోను గుచ్చే సాకెట్). తెలుపు-నీలం మొదటి పెయిర్, తర్వాత తెలుపుతోనే నారింజ, ఆకుపచ్చ, బ్రౌను, బూడిద. ఈ అయిదూ నోటికి వస్తే చాలు, పంచింగ్ టూల్‌తో టక్కుటక్కుమని కొట్టేయొచ్చు. పెయిర్‌లో రెండు తీగలూ అటుదిటు అయినా ఇప్పటి సెట్లు చాలావరకు పలుకుతాయి. వాచ్‌మన్ గది అర కిలోమీటరు దూరంలో ఉన్నా మాట చెదరదు. ఎక్కడైనా లైను చస్తే క్రోన్‌లో సన్నటి ప్లగ్గు గుచ్చి తప్పు పెట్టె వైపుందో బల్ల వైపుందో అరనిమిషంలో చెప్పగలం.

ఐపీకి ఆ ఓపిక లేదు. క్యాట్-6 కేబులు (నాలుగు పెయిర్లుండే కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ) 100 మీటర్లు దాటకూడదు. క్రింపింగులో (చివర ప్లగ్గు బిగించడంలో) పెయిర్లు చీలితే, అంటే వేరే పెయిర్ల తీగలు రెండిటిని జంట చేసి కొడితే, మూడొందల రూపాయల టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. పని అయిపోయిందనుకుని ఇంటికెళ్తాం. ఫోను మాత్రం గంటకోసారి తెగుతుంటుంది. ఇలాంటి తప్పు పట్టుకోడానికి నేను ఒకసారి పూటంతా బల్లల కింద పాకాను.

అయినా ఇక్కడ ఐపీకి పెద్ద ప్లస్సు ఒకటుంది. బల్లబల్లకీ కంప్యూటర్ కేబులు ఇప్పటికే ఉంటే, ఫోనుకి వేరే తీగ అక్కర్లేదు. గోడలోంచి వచ్చే కేబులు ఫోనులోకి, ఫోను వెనకున్న రెండో సాకెట్ నుంచి కంప్యూటర్‌కి. కేసింగ్-క్యాపింగ్ (గోడ మీద తీగ దాచే ప్లాస్టిక్ పట్టీ) కొట్టే పని తప్పుతుంది, గోడ పగలగొట్టే దుమ్ము తప్పుతుంది. కాకపోతే చౌకరకం ఐపీ ఫోనుల్లో ఆ రెండో సాకెట్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. గిగాబిట్ నెట్‌వర్క్‌కి డబ్బు పోసినవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి. ఫోను ఆగితే దాని వెనకున్న కంప్యూటర్‌కి నెట్ కూడా ఆగుతుంది.

మరి కొత్తగా తీగ లాగాల్సిన చోట? అక్కడ నా మాట ఒక్కటే: పెట్టింది ఏ పెట్టె అయినా, గోడలో మాత్రం క్యాట్-6 వెయ్యండి. బల్లకి రెండు. పాత పద్ధతి ఫోనుకి అందులో నీలం పెయిర్ ఒక్కటే కావాలి, అది ఆర్‌జే-45 సాకెట్‌లో నాలుగు, అయిదు పిన్నుల మీద వస్తుంది. ఫోను ఆర్‌జే-11 ప్లగ్గు మధ్య పిన్నులు సరిగ్గా అక్కడే తగులుతాయి. నాలుగేళ్ల తర్వాత ఐపీకి మారాలనిపిస్తే రాక్ దగ్గర రెండో చివర స్విచ్‌కి (కంప్యూటర్ తీగలన్నిటినీ కలిపే పెట్టెకి) మార్చుకుంటే సరి. అయితే ఫోను సాకెట్లకి రంగు మార్చండి లేదా పేరు రాయండి. రింగు వచ్చే తీగని ఎవరైనా లాప్‌టాప్‌కి గుచ్చితే దాని నెట్‌వర్క్ కార్డు పోయే ప్రమాదం ఉంది. ఒకే కేబుల్లో నారింజ, ఆకుపచ్చ పెయిర్లు కంప్యూటర్‌కి, నీలం ఫోనుకి పంచే పొదుపు మేస్త్రీలు ఉన్నారు. 100 ఎంబీపీఎస్ రోజుల్లో అది నడిచింది. గిగాబిట్‌కి నాలుగు పెయిర్లూ కావాలి, ఇప్పుడది నడవదు.

కరెంటు, ఎండ, పిడుగు

ఇంటర్‌కమ్ పెట్టెకి ఒక్క ప్లగ్గు చాలు. ఫోన్లకి విడిగా కరెంటు అక్కర్లేదు, చిన్న యూపీఎస్ మీద గంటలు లాగుతుంది. ఐపీలో పీవోఈ స్విచ్ ఒక్కటి యూపీఎస్ మీద పెడితే ఫోన్లన్నిటికీ కేబుల్లోనే కరెంటు అందుతుంది. పద్ధతి బాగానే ఉంటుంది గానీ రౌటరు, స్విచ్, పీబీఎక్స్ మూడూ బతికుండాలి. స్విచ్‌కి గాలి కూడా కావాలి. మన ఊళ్లో చాలా ఆఫీసుల్లో ఇవన్నీ మెట్ల కిందో బాత్రూమ్ అటక మీదో ఉంటాయి, అదీ రోహిణి కార్తెలో. 1984లో మొదలైన సీ-డాట్ (కేంద్ర ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ) వాళ్లు పల్లెలకోసం తయారు చేసిన 128 లైన్ల ఎక్స్‌ఛేంజీని ఏసీ గది లేకుండా నడిచేలా మలిచారు. అలాంటిది మొదట 1986లో కర్ణాటక కిట్టూరులో పెట్టారు. మన ఎండకి ఏది నిలుస్తుందో అప్పుడే ఆలోచించినవాళ్లున్నారన్నమాట. నా అనుభవంలో ఎండని ఓర్చుకోవడంలో ఇంటర్‌కమ్ పెట్టెదే పైచేయి.

పిడుగు దగ్గర మాత్రం తలకిందులు. బయటినుంచి స్తంభం మీదుగా వచ్చే రాగి తీగే పిడుగుని ఇంట్లోకి పిలుస్తుంది. ఆడిటర్ గారి పెట్టె పోయిందీ అలాగే. లైను కార్డు నల్లబడింది, దానితోపాటు మదర్‌బోర్డు పోయింది. క్రోన్ మీద జీడీ ట్యూబులు (పిడుగు దెబ్బని ఎర్తులోకి దించేవి) ఉన్నాయి గానీ వాటి ఎర్తు తీగ ఎక్కడికీ కలపలేదు, గాల్లో వేలాడుతోంది. ఎర్తు లేని జీడీ ట్యూబు అలంకారానికే. ఇప్పుడు బయటి లైను ఫైబరు అయిపోయింది కాబట్టి ఆ దారిన పిడుగు రాదు, గాజుపోగులో కరెంటు పారదు. మేడ నుంచి గేటు దాకా ఆరుబయట రాగి వేసి ఉంటే మాత్రం ఆ భయం అలాగే ఉంది.

బయటి లైను సంగతి

ఫైబరు వచ్చాక ఓ తమాషా జరిగింది. కంపెనీ వాళ్లు గోడకి తగిలించిన ఓఎన్‌టీ దాకా మాట ఐపీ మీదే వస్తుంది. ఆ డబ్బా దాన్ని మళ్లీ పాతకాలపు రెండు తీగల మాటగా మార్చి ఫోను సాకెట్లో ఇస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఇంటర్‌కమ్ పెట్టె సీవో లైనులో (బయటి లైను సాకెట్లో) గుచ్చుతాం. పనిచేస్తుంది, కానీ చిన్న చిన్న తగాదాలొస్తాయి. అవతలివాళ్లు పెట్టేసినా లైను విడవకుండా పట్టుకుని కూర్చోవడం వాటిలో మొదటిది. పెట్టెలో బిజీ టోన్ గుర్తించే సెట్టింగు మన దేశపు టోనుకి, అంటే 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను మౌనం, సరిచేస్తే చాలావరకు తీరుతుంది. ఇంకోటి ఫ్లాష్ బటన్, లైనుని క్షణం తెంపి పెట్టెకి సైగ చేసే మీట. సెట్టులో ఫ్లాష్ 600 మిల్లీసెకన్లు ఉండి పెట్టె అంతకన్నా తక్కువకి అలవాటుపడి ఉంటే, కాల్ బదిలీ చేద్దామని నొక్కగానే తెగిపోతుంది. జనం ఫోను పాడైందంటారు.

పాత పెట్టెల్లో కరెంటు పోతే మొదటి లైను తిన్నగా ఒక ఫోనుకి కలిసిపోయే ఏర్పాటు ఉండేది. రాగి లైనుకి కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచే వచ్చేది కాబట్టి అది పెద్ద వరం. ఇప్పుడు ఓఎన్‌టీకి కూడా యూపీఎస్ లేకపోతే ఆ వరం ఉన్నా లేనట్టే.

ఐపీ పీబీఎక్స్‌కి అయితే కంపెనీ నుంచి నేరుగా సిప్ ట్రంక్ (ఐపీ మీదే వచ్చే బయటి లైను) తీసుకోవచ్చు, ఈ మార్పిడి గొడవ ఉండదు. కానీ రెండు లైన్ల ఆఫీసంటే కంపెనీల అమ్మకందార్లు ఫోను కూడా సరిగా ఎత్తరు. ఆడిటర్ గారిది 0866తో మొదలయ్యే నంబరు, లెటర్‌హెడ్ల మీదా పాత క్లయింట్ల డైరీల్లోనూ ఉంది. ల్యాండ్‌లైన్ నంబరుని మొబైల్ నంబరులాగా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకెళ్లే వీలు మనకి లేదు. అందుకని నంబరు ఉన్న కంపెనీ దగ్గరే ఫైబరుకి మారి, దాన్నే పెట్టెకి కలపడం తేలిక దారి.

ఇక భద్రత. ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఎవరో ఐపీ పెట్టె బిగించి, బయటినుంచి తనకి చూసుకోడానికి వీలుగా 5060 పోర్టు (ఇంటర్నెట్ నుంచి ఐపీ పెట్టెలోకి దారి) తెరిచి వదిలేశాడు. ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోను) 101 పాస్‌వర్డు కూడా 101. శనివారం సాయంత్రం తాళం వేసి వెళ్లారు. సోమవారం పొద్దున చూస్తే రెండు రాత్రులూ ఎక్కడెక్కడి దేశాలకో కాల్స్ వెళ్లాయి. ఆ బిల్లుతో నాలుగు ఇంటర్‌కమ్ పెట్టెలు కొనొచ్చు. ఐపీ పెట్టించుకుంటే, పాస్‌వర్డులూ అప్‌డేట్లూ చూసే మనిషి ఒకడు ఉండాలి. ఆ మనిషి లేని ఆఫీసుకి నేను ఐపీ సిఫారసు చెయ్యను.

ఐపీ ఎప్పుడు నెగ్గుతుంది?

ఊరికే పాతదాన్ని పొగుడుతున్నాననుకోకండి. బెంజి సర్కిల్లో ఒకటి, గుంటూరులో ఒకటి శాఖలున్న ల్యాబ్‌కి నేనే దగ్గరుండి ఐపీ పెట్టించాను. ఇక్కడ 201 నుంచి అక్కడ 301కి నొక్కితే పక్కగదిలో మోగినట్టు మోగుతుంది. డాక్టరు గారి సెల్లులో యాప్ వేస్తే ఆయన ఇంట్లో ఉన్నా ఎక్స్‌టెన్షనే. బల్ల మార్చుకున్న మనిషి తన ఫోను చంకలో పెట్టుకుపోయి కొత్త చోట గుచ్చుకుంటే, నంబరు అతనితోపాటు వెళ్తుంది. పాత పద్ధతిలో ఆ పనికి నన్ను పిలవాలి. ఏ కాల్ ఎవరు ఎత్తారో, ఎన్ని తప్పిపోయాయో లెక్క దొరుకుతుంది. లోపలి మాట కూడా స్పష్టంగా ఉంటుంది. నెట్ సరిపోదేమోనన్న భయం అక్కర్లేదు: జీ.711 పద్ధతిలో (మాటని డిజిటల్‌గా మార్చే తీరుల్లో ఒకటి) ఒక కాల్‌కి అటూ ఇటూ 87 కేబీపీఎస్ చొప్పున పడుతుంది, అయిదు కాల్స్ ఒకేసారి నడిచినా ఒక్కో వైపు అర ఎంబీపీఎస్ దాటదు. కావాల్సింది వెడల్పు కాదు, నిలకడ. మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడ్డం మొదలెడతారు.

ఖర్చు సంగతి టూకీగా: మామూలు సెట్టు వెయ్యి లోపు దొరుకుతుంది, ఐపీ ఫోను మూడు నాలుగు రెట్లు. పది ఫోన్లకి తేడా బాగానే తెలుస్తుంది. కానీ ఇంటర్‌కమ్ పెట్టెల బజారు సన్నబడుతోంది. పానసోనిక్ లాంటి కంపెనీయే పీబీఎక్స్‌ల తయారీ నుంచి తప్పుకుంది. కొనేటప్పుడు రెండు రకాల ఫోన్లూ పట్టే హైబ్రిడ్ పెట్టె ఉందేమో అడగండి. మూడో దారి క్లౌడ్ నంబరు: పెట్టె, తీగ ఏమీ ఉండవు, నెలనెలా తలకింత కడితే కాల్స్ సెల్లులకే వస్తాయి. సిబ్బంది రోడ్ల మీద తిరిగే ఆఫీసుకి అది బాగుంటుంది. "టీ పంపించు" అని కిందకి చెప్పడానికి మాత్రం కాదు.

ఆడిటర్ గారికి చివరికి 3 లైన్లు, 12 ఎక్స్‌టెన్షన్ల హైబ్రిడ్ పెట్టె పెట్టాం. గోడల్లో క్యాట్-6, జీడీ ట్యూబులకి అసలైన ఎర్తు, ఓఎన్‌టీ కూడా యూపీఎస్ మీదే. ఎండీఎఫ్ మూత లోపల ఏ పెయిర్ ఏ బల్లకో రాసిన కాగితం అంటించాను.

మర్నాడే ఫిర్యాదు. తీగ గురించీ కాదు, పెట్టె గురించీ కాదు. పాత పెట్టెలో బయటి లైనుకి సున్నా నొక్కేవాళ్లు. కొత్తదానికి కంపెనీ వాళ్లు తొమ్మిది పెట్టి పంపారు, సున్నా అంటే ఆపరేటరు. దాంతో ఎవరు బయటికి చెయ్యబోయినా రిసెప్షన్ అమ్మాయే పలుకుతోంది. పొద్దున్నించీ అరవైసార్లు ఎత్తానని నా మీద కోపం ఆ అమ్మాయికి. వెళ్లి సున్నాని తొమ్మిదికీ తొమ్మిదిని సున్నాకీ మార్చి వచ్చాను.