నిలువు గుహల తాడు సామగ్రి: కొన్నేళ్లు వాడాక నా మాట

నిలువు గుహల్లోకి దిగి, తిరిగి పైకి రావడానికి కావలసిన తాడు సామగ్రి నా దగ్గర కొన్నేళ్లుగా ఉంది. నడుముకూ తొడలకూ బిగించే పట్టీల హార్నెస్, దిగడానికి డిసెండర్, ఎక్కడానికి ఛాతీ దగ్గర తాడును పట్టుకునే ఒక క్లాంపు, చేతికి ఇంకో క్లాంపు, పాదానికి ఉచ్చు, ఆసరాగా రెండు పొట్టి తాళ్లు, వీటికి తోడు 9 మిల్లీమీటర్ల తాడు. ఉండేది నల్లగొండలో కాబట్టి సాధనంతా భువనగిరి గుట్ట మీద, మా ఊరి ఎండిన వ్యవసాయ బావిలో జరిగింది. అసలు పని స్లొవేనియాలో, కనిన్ పర్వతాల సున్నపురాయి బిలాల్లో. నాలుగైదు కంపెనీలు ఇంచుమించు ఒకే రూపంలో వీటిని చేస్తున్నాయి కనుక కంపెనీ పేర్ల జోలికి పోను. నా తీర్పు మాత్రం ముందే చెబుతాను: డబ్బు పెట్టాల్సింది దించే పరికరం మీద కాదు, ఎక్కించే వాటి మీద.

కొనడానికి వెళ్లిన ప్రతివాళ్ల చూపూ డిసెండర్ మీదే పడుతుంది. మీట నొక్కితే తాడు జారుతుంది, వదిలితే ఆగుతుంది. పట్టుకుంటేనే ముచ్చటేస్తుంది. కానీ వంద మీటర్లు దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. అదే వంద మీటర్లు తడిసిన బట్టలతో, నడుము నుంచి వేలాడే బరువు సంచితో ఎక్కేటప్పుడు ఛాతీ క్లాంపు ప్రతి అడుగులోనూ రెండు వేళ్లంత వెనక్కి జారితే చాలు, తొడలు ముందుగానే చేతులెత్తేస్తాయి. కొండ శిఖరానికి వెళ్లేవాడు అలసిపోతే వెనుదిరిగి కిందికి రావచ్చు. బిలం అడుగున అలసిపోయినవాడికి ఇంటిదారి అంతా ఎక్కుడే.

కనిన్ అంటే ఇటలీ, స్లొవేనియా సరిహద్దులోని సున్నపురాయి పీఠభూమి. వాననీరు, కరిగిన మంచునీరు కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త ఆమ్లంగా మారి, పగుళ్ల వెంట రాతిని కరిగించుకుంటూ పోతుంది. నీరు ఇంకడం కొండ నెత్తిన, బయటపడటం లోయ అడుగున. ఆ ఎత్తు తేడా వల్లే అక్కడి గుహలు నిలువునా తొలుచుకుపోయాయి. అలా ఇంకిన నీటిలో కొంత బోవెత్స్ పట్టణం దగ్గర కొండచరియలోంచి బోకా జలపాతంగా దూకుతుంది. అక్కడి వర్తోగ్లావిత్సా బిలం మధ్యలో ఎక్కడా అరుగన్నది లేకుండా 603 మీటర్లు దిగుతుంది. ఏకధాటిగా దిగే బిలాల్లో ప్రపంచంలో అంత లోతైనది మరొకటి తెలియదు. దానికి దగ్గరలోనే ఉన్న చెహీ 2 గుహ లోతు 1,500 మీటర్లు దాటింది. నేను తిరిగినవి ఈ రెండూ కావు, వీటి పక్కన చాలా చిన్నవి. అయినా పరికరానికి పెట్టే పరీక్షలో తేడా లేదు: 2, 3 డిగ్రీల చలి, ఎప్పుడూ చినుకు, గోడలకు జిగట బురద.

సున్నపురాయి మనకూ ఉంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది దాని మీదే. కాకపోతే అక్కడ నేల చదును, నీటికి అంత లోతుకు దూకే దారి లేదు. భువనగిరి గుట్ట ఏకశిల, పొడి రాయి. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది అక్కడే. తాడు మీద భయం పోవడానికి దాన్ని మించిన చోటు మన జిల్లాల్లో లేదు. బురదలో క్లాంపు ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం ఆ గుట్ట చెప్పలేదు.

ఆ సంగతిని నాకంటే ముందు పసిగట్టింది మా ఊరి గీత కార్మికుడు, నేను చిన్నాయన అని పిలిచే పెద్దమనిషి. బావి గట్టు మీద సామాన్లు పరిస్తే ఆయన డిసెండర్‌ను ఇటు తిప్పి అటు తిప్పి పక్కన పెట్టేశాడు. ఛాతీ క్లాంపును మాత్రం వదల్లేదు. లోపలి పళ్లను బొటనవేలితో తడిమి, "పళ్ల సందుల్లో మన్ను ఇరుక్కుంటే ఇది తాడును పట్టుకుంటుందా, బిడ్డా?" అని అడిగాడు. చేతి క్లాంపునూ పాదం ఉచ్చునూ చూపిస్తే, "మా మోకూ గుజీ లాంటివే కదా" అన్నాడు. నిజమే, తాటిచెట్టు ఎక్కేవాళ్లు మోకు మీద వీపు ఆనించి, గుజితో కాళ్లు బిగించి, ఒకదాని తర్వాత ఒకటి పైకి జరుపుకుంటూ పోయే పద్ధతే ఇక్కడా ఉంది. ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకు భద్రతా మోకులు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషిని పడనివ్వకూడదన్న ఆలోచన రెంటిలోనూ ఒకటే.

ఆయన ప్రశ్నకు జవాబు కనిన్‌లో దొరికింది. పళ్లు ఒక వైపుకు వాలి ఉంటాయి. క్లాంపును పైకి నెడితే తాడు దాని మీదుగా జారుతుంది, బరువు పడగానే పళ్లు తాడు పైపొరలో నాటుకుంటాయి. బురద బయటికి పోవడానికి పళ్ల మధ్య సన్నటి చీలిక కూడా పెడతారు. పలుచని బురదకు ఆ చీలిక చాలు. జిగట మట్టి అయితే పళ్ల మధ్య గట్టిపడి, క్లాంపు జానెడు జారి ఆగుతుంది, ఒక్కోసారి అసలు ఆగదు. అప్పుడు వేలితో పళ్లున్న కదిలే ముక్కను, అంటే క్యామ్‌ను తాడుకేసి నొక్కి పట్టి, బరువు మెల్లగా వేయాలి. హార్నెస్‌కు దారంతో కట్టుకున్న పాత పళ్ల బ్రష్షు నాకు ఏ ఖరీదైన వస్తువూ ఉపయోగపడనంతగా ఉపయోగపడింది. ఈ పళ్లతో ఇంకో జాగ్రత్త ఉంది. సుమారు 4 నుంచి 6 కిలోన్యూటన్ల (ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు) కుదుపు తగిలితే అవి తాడు పైపొరను చీల్చగలవు. అందుకే క్లాంపు మీద ఆధారపడి ఉన్నప్పుడు తాడు వదులుగా ఉండకూడదు.

అరుగుదల సంగతి. నా మొదటి ఛాతీ క్లాంపు అల్యూమినియంది. తాడు రాసుకునే చోట గాడి పడింది, గోరు పెడితే అంచు తగిలేది. ఇప్పుడున్న దానికి ఆ చోట స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఉంది, గీతలు తప్ప అరుగుదల లేదు. ధర ఎక్కువైనా అదే కొనమంటాను. డిసెండర్ కింది చక్రం కూడా ఇసుక బురదకు త్వరగా అరుగుతుంది, అక్కడా స్టీలే మేలు. మీట పనితీరుకు వంక పెట్టలేను. కాకపోతే బావిలో పొడి తాడు మీద అలవాటైన వేగం, బురద పూసిన సన్నటి తాడు మీద ఒక్కసారిగా పెరుగుతుంది. తాడును పక్కనున్న మూత కొక్కెం, అంటే కారబినర్‌లోంచి మళ్లించి రాపిడి పెంచడం ముందే చేతికి అలవాటు కావాలి.

హార్నెస్ కొండలెక్కేవాళ్లది పనికిరాదు. గుహల హార్నెస్‌లో పరికరాలు తగిలించే బిందువు కింద ఉంటుంది, దాంతో ఛాతీ క్లాంపు కిందికి వచ్చి ప్రతి అడుగులో నాలుగు వేళ్లు ఎక్కువ దక్కుతాయి. ఛాతీ పట్టీ ఊపిరి కొంచెం బిగపట్టేంత గట్టిగా ఉండాలి. వదులైతే ప్రతి అడుగులో వెనక్కి వాలి, చేతులతో లాక్కోవాల్సి వస్తుంది. పాదం ఉచ్చు పొడవు ఒక రోజంతా బావిలో సరిచూసుకోండి. కాళ్లు నిటారుగా చాపి నిలబడినప్పుడు చేతి క్లాంపు ఛాతీ క్లాంపుకు కాస్త పైన ఉంటే సరిపోయినట్టు.

ఆసరా తాళ్లు రెండూ సాగే గుణమున్న డైనమిక్ తాడుతోనే కట్టుకోవాలి, సాగని టేపు వద్దు. తాడు రాతికి రాసుకోకుండా మధ్య మధ్య మేకుకు మళ్లీ కట్టిన చోట్లు వస్తాయి. అక్కడ ఒక తాడు నుంచి ఇంకో తాడుకు మారేటప్పుడు మనిషిని పట్టి ఉంచేవి ఇవే. ఆ మార్పిడిని కళ్లు మూసుకుని చేయగలిగేదాకా బావి దాటి పోవద్దు. హార్నెస్‌లో కదలకుండా వేలాడటం ప్రాణాంతకం కావచ్చు. చలిలో తడిసి తడబడేవాడికి ఆ ప్రమాదం మరీ దగ్గర.

ఇక తాడు. నాది తక్కువ సాగే తాళ్లకు యూరప్ పెట్టిన ఈఎన్ 1891 ప్రమాణంలో బి రకం, కనీస బలం 18 కిలోన్యూటన్లు. మీటరు సుమారు 50 గ్రాములు, తడిస్తే ఇంకా ఎక్కువ. మోయడానికి తేలిక, అరగడానికీ తేలికే. కొత్తగా నేర్చుకునేవాళ్లు 10 మిల్లీమీటర్ల పైబడిన ఎ రకం తీసుకోవడం మంచిది. మా బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి పొర పట్టి తాడు బిరుసెక్కింది. కృష్ణా నీళ్లతో కడగడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. ఆరబెట్టేది నీడలోనే, మన మే నెల ఎండ నైలాన్‌కు శత్రువు. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గదిలో అసలు పెట్టకండి, ఆమ్లం ఆవిరి కంటికి కనిపించకుండానే నైలాన్‌ను తినేస్తుంది. సెకండ్ హ్యాండ్ తాడు ఎంత చవకగా వచ్చినా వద్దు. కొత్త తాడు వచ్చాక ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. అది కొన్ని శాతం కుంచించుకుపోతుంది. ఆరాక కొలిచి, ఆ పొడవునే తాడు చివర రాసుకోండి, కంపెనీ చీటీ మీదున్న పొడవును కాదు.