తూర్పు కిటికీయా, దక్షిణపు కిటికీయా, ఎల్ఈడీ దీపమా: ఇంటి లోపలి ఆకు మొక్కలకు ఏ వెలుగు మేలు?

మాన్‌స్టెరా, మనీ ప్లాంట్, అగ్లోనిమా వంటి ఆకు మొక్కలను గదుల్లో పెంచేవారికి దొరికే సలహాలలో చాలావరకు చలిదేశాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. వాటి ప్రకారం దక్షిణపు కిటికీకి ఎప్పుడూ ఎక్కువ వెలుగు, ఉత్తరపు కిటికీకి ఎప్పుడూ తక్కువ వెలుగు. లండన్‌లో అది నిజమే, ఎందుకంటే అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. విజయనగరం దాదాపు 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, శ్రీకాకుళం 18.3 డిగ్రీల మీద ఉన్నాయి. కర్కాటక రేఖకు దక్షిణంగా ఉన్న మన ఊళ్లలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వచ్చి, ఆ రెండు రోజుల నడుమ కాలమంతా ఉత్తరం వైపే ఉండిపోతాడు. ఈ ఒక్క తేడా వల్ల కిటికీల లెక్క మొత్తం మారిపోతుంది. మొక్కకు చోటు చూసే ముందు మనం ఆలోచించవలసింది దీని గురించే.

అంతకన్నా ముందు, ఈ మొక్కలకు ఎంత వెలుగు కావాలో తెలియాలి. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న అడవుల మొక్క. మనీ ప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మూరెయా దీవి. రెండూ అడవి నేల మీద చీకట్లో మొలకెత్తినా, చెట్ల బోదెలను పట్టుకుని వెలుగు వైపు ఎగబాకేవే. అందుకే వీటిని నీడ మొక్కలు అనడంలో సగం నిజమే ఉంది: ఇవి నీడను ఓర్చుకుంటాయి, వెలుగులో పెరుగుతాయి. మన కన్ను ఇక్కడ సరైన సాక్షి కాదు. వెలుగును కొలిచే ప్రమాణమైన లక్స్‌లలో చెబితే, నిండు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటే, మనకు బాగా వెలుతురుగా కనిపించే గది నడుమ రెండు మూడు వందల లక్స్ మాత్రమే ఉండవచ్చు. ఆ వెలుగులో జెడ్‌జెడ్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ బతికి ఉంటాయి గానీ పెరగవు. మాన్‌స్టెరా చక్కగా మారాకు వేయాలంటే కొన్ని వేల లక్స్ కావాలి. కిటికీ పక్కన వేలల్లో ఉన్న వెలుగు ఆరడుగులు లోపలికి వెళ్లేసరికి వందల్లోకి పడిపోతుంది కాబట్టి, ఏ గది అన్నదాని కంటే కిటికీకి ఎన్ని అడుగుల దూరం అన్నది పెద్ద ప్రశ్న.

ఇక దక్షిణపు కిటికీ సంగతి. దీని గుణం కాలాన్ని బట్టి పూర్తిగా తలకిందులవుతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా దానికి రెండుంపావు అడుగుల దిగువ నుంచి ఎండ నేరుగా లోపలికి వస్తుంది. నాలుగడుగుల కిటికీ అయితే కింది సగం దాదాపుగా ఎండలోనే ఉంటుంది. మార్చి 21 ప్రాంతానికి సూర్యుడు 72 డిగ్రీల ఎత్తుకు చేరతాడు, అదే సన్‌షేడ్ ఆ కిటికీ మొత్తానికి మధ్యాహ్నం నీడ పడుతుంది. మే రెండో వారం నుంచి జూలై నెలాఖరు దాకా సూర్యుడు ఉదయం మొదలు సాయంత్రం దాకా ఆకాశంలో ఉత్తరపు సగంలోనే తిరుగుతాడు. ఆ రెండున్నర నెలలు దక్షిణపు కిటికీకి ఒక్క కిరణమూ నేరుగా తగలదు. రోహిణి కార్తెలో బయట నేల కాలిపోతుంటే దక్షిణపు గదిలోని మొక్క వెలుగు చాలక తీగ సాగడం చూసి ఆశ్చర్యపోయేవారు చాలామంది ఉన్నారు, కారణం ఇదే. పైగా జూన్‌లో మబ్బులు కూడా తోడవుతాయి. కాబట్టి దక్షిణపు కిటికీని దీపావళి తర్వాత నుంచి మాఘమాసం దాకా క్రోటన్, రబ్బరు మొక్క వంటి ఎండను ఇష్టపడే వాటికి కేటాయించడం మంచిది. పీస్ లిల్లీని, కలాతియాను అక్కడ పెట్టవలసి వస్తే పలుచని తెల్ల కర్టెన్ అడ్డం ఉండాలి.

ఉత్తరపు కిటికీ దీనికి సరిగ్గా ఎదురు. చలికాలంలో ఆకాశపు వెలుగు తప్ప మరేమీ ఉండదు. జూన్‌లో మాత్రం సూర్యుడు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు కాబట్టి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్, ముదురాకుపచ్చ అగ్లోనిమా ఇక్కడ నిశ్చింతగా ఉంటాయి. తెల్లచారల మనీ ప్లాంట్‌కు ఇది చాలదు, ఎందుకంటే ఆకులోని తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు. మిగిలిన పచ్చని భాగమే మొత్తం ఆకుకు ఆహారం తయారు చేయాలి.

సూర్యుడి దారి ఇలా జరుగుతుందన్నది మన ప్రాంతం వారికి కొత్త విషయం కాదు. అరసవల్లి ఆలయంలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చిలోను, అక్టోబరులోను మాత్రమే; ఒకే దారిన సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడవడమే అందుకు ఆధారం. కట్టినవారు ఎంతో శ్రద్ధగా గమనించిన ఆ కదలికనే మనం మన కిటికీ దగ్గర గమనించాలి.

తూర్పు, పడమరల మధ్య పోలిక నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. లెక్క ప్రకారం ఈ రెండు కిటికీలకూ దక్కే ఎండ సమానం. అయినా మొక్కకు అవి సమానం కావు. ఉదయం గాలి చల్లగా ఉంటుంది, రాత్రంతా నీరు తాగిన ఆకు నిండుగా ఉంటుంది. అటువంటి ఆకు మీద తొమ్మిది గంటల దాకా పడే నీరెండ ఆహార తయారీకే ఉపయోగపడుతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు గోడ, కిటికీ చువ్వలు, గాలి అన్నీ కాగి ఉంటాయి. ఆకు నీటిని కాపాడుకోవడానికి తన సూక్ష్మ రంధ్రాలను మూసుకుంటుంది, చల్లబడే దారి లేక మాడుతుంది. కడియం నర్సరీల నుంచి వచ్చిన ఒక గులాబీ రంగు అగ్లోనిమాను ఒక ఏప్రిల్‌లో విజయనగరంలోని మా ఇంటి పడమటి కిటికీ దగ్గర ఉంచాను. అది గ్రీన్ నెట్ (ఎండను తగ్గించే పచ్చని వల) కింద పెరిగిన మొక్క అన్న సంగతి నేను పట్టించుకోలేదు. వారం తిరగకుండా ఆకుల నడుమ పాలిపోయిన మచ్చలు పడి, తర్వాత అవి గోధుమరంగుకు మారాయి. మాడిన ఆకు తిరిగి పచ్చబడదు. తూర్పు గదికి మార్చిన తర్వాత వేసిన కొత్త ఆకులతోనే ఆ మొక్క మళ్లీ అందంగా తయారైంది. ఆ బాధ ఇప్పటికీ నాకు గుర్తుంది.

తూర్పు కిటికీకి మరో మేలు ఉంది. సూర్యోదయం ఏడాదిలో ఉత్తరానికి 25 డిగ్రీలు, దక్షిణానికి 25 డిగ్రీలు జరిగినా ఆ కిటికీని ఎన్నడూ విడిచిపోదు. ఋతువు మారినప్పుడల్లా కుండీని మోయవలసిన అవసరం లేని కిటికీ మన జిల్లాలలో ఇదొక్కటే. మాన్‌స్టెరాను, మనీ ప్లాంట్‌ను అద్దానికి రెండు మూడు అడుగుల లోపల, కలాతియాను మరో అడుగు వెనక్కి ఉంచితే చాలు. తూర్పు కిటికీ ఉన్న ఇంట్లో మరో చోటు వెతకనవసరం లేదని నా అభిప్రాయం.

ఎల్ఈడీ దీపాన్ని నేను రెండో స్థానంలో పెడతాను. పక్క భవనం గోడ మూడడుగుల దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ గదికి ఏ దిక్కు కిటికీ ఉన్నా ఒకటే. అక్కడ దీపమే దారి. ఊదారంగు దీపాలే కొనాలన్న నియమం లేదు, సాధారణ తెల్లని ఎల్ఈడీ వెలుగుతోనూ ఆకులు పెరుగుతాయి. 20 వాట్ల దీపం రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు సుమారు 7 యూనిట్లు ఖర్చవుతాయి. అయితే దాన్ని మొక్కకు అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంచాలి. బల్బు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి, పైకప్పుకు బిగించిన దీపం గదికి వెలుగునిస్తుందే గానీ మొక్కకు తిండి పెట్టదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల వంటివి వచ్చి రోజుల తరబడి కరెంటు పోతే ఏమవుతుందని భయపడనవసరం లేదు. నాలుగైదు రోజుల చీకటికి ఈ మొక్కలు చావవు; ఆ రోజుల్లో నీళ్లు పోయకుండా ఉంటే చాలు. వెలుగు తగ్గిన మొక్క నీటిని తక్కువ వాడుతుంది, తడి నిలిచిన కుండీలో వేర్లు కుళ్లుతాయి. ఉత్తరపు గదిలోని మొక్కలు చాలావరకు వెలుగు లేక కాక, తూర్పు గది లెక్కన నీళ్లు పోయడం వల్ల పోతాయి.

డాబా మీద 50 శాతం షేడ్ నెట్ కింద ఇవన్నీ ఇంకా వేగంగా పెరుగుతాయి గానీ, అది ఇంటి లోపలి సంగతి కాదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఉదయం పది గంటలకు అక్కడ తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తులో అరచేయి చాపండి. వేళ్ల నీడ అంచులు స్పష్టంగా ఉంటే క్రోటన్‌కు తగిన వెలుగు, అంచులు మసకగా ఉంటే మాన్‌స్టెరాకు, నీడ కనీకనిపించకుండా ఉంటే జెడ్‌జెడ్‌కు మాత్రమే. కుండీ పెట్టిన తర్వాత నెల రోజులు కణుపులను చూడండి. కొత్త ఆకు పాత ఆకు కంటే పెద్దదిగా వస్తే కుండీని కదపవద్దు. చిన్నదిగా వచ్చి కణుపుల మధ్య దూరం పెరిగితే కిటికీకి ఒక అడుగు దగ్గరగా జరిపి, తర్వాతి ఆకు విచ్చుకునేదాకా ఆగండి.