నాలుగేళ్లుగా ఇంట్లోనే కార్జం ట్రీట్లు: మా బంటికి ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

మా బంటి లాబ్రడార్. వాడికిప్పుడు ఐదేళ్లు, బరువు 31 కిలోలు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు. ఒక రోజు విశాఖ బీచ్ రోడ్డులో గొలుసు నా చేతిలోంచి జారిపోయి, వాడు తిన్నగా బస్సుల మధ్యలోకి పరుగెత్తాడు. ఎవరో ఆపి పట్టుకున్నారు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు నా చేతుల వణుకు తగ్గలేదు. బిస్కెట్ చూపిస్తే ఇంట్లో వస్తాడు, రోడ్డు మీద మొహం తిప్పుకుంటాడు. రోడ్డు మీద కూడా ఆగి వెనక్కి తిరిగేంత ఇష్టమైనది ఏదో ఒకటి నా జేబులో ఉండాలి. అది ఉడికించి ఆరబెట్టిన కోడి కార్జం అని తెలియడానికి రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి నెలకు ఒకటి రెండు సార్లు, సారికి కిలో చొప్పున నేనే చేస్తున్నాను.

కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అడిగారు. కొన్నాను. డెబ్బై గ్రాముల ప్యాకెట్ రెండు వందలకు పైనే. ట్రైనింగ్ జరిగే రోజుల్లో అది వారం కూడా రాదు. ఇంకో భయం కూడా ఉంది. అమెరికాలో 2007 నుంచి 2015 చివరిదాకా, ఎక్కువగా చైనా నుంచి వచ్చిన జర్కీ (ఎండు మాంసం) ట్రీట్ల మీద అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి సుమారు 5,200 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 1,100కు పైగా కుక్కల మరణాలున్నాయి. అసలు కారణం ఏమిటన్నది కచ్చితంగా తేల్చలేకపోయారు. అది చదివాక ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాల మీద నమ్మకం పోయింది. మా వీధి చివర చికెన్ కొట్టులో లివర్ కిలో నూట ఇరవై, నూట నలభై మధ్య ఉంటుంది. కళ్ల ముందే కోసి ఇస్తారు. కిలో ఎండితే దాదాపు మూడు వందల గ్రాములు వస్తుంది, ఎందుకంటే కార్జంలో ముప్పావు వంతు దాకా నీళ్లే.

మొదట్లో చేసిన తప్పు కొలత లేకుండా పెట్టడం. ఇష్టంగా తింటున్నాడు కదా అని ఒక సాయంత్రం గుప్పెళ్లతో పెట్టాను. రాత్రంతా విరేచనాలు, నల్లగా, జిగటగా. తెల్లారి పరుగున వెళ్తే డాక్టరు గారు మందు రాసి, ఒక్క మాట గట్టిగా చెప్పారు: ట్రీట్లన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు, అందులో కార్జం ఇంకా తక్కువ ఉండాలి. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ. నెలల తరబడి మితిమీరితే ఎముకల మీద, కీళ్ల మీద ప్రభావం చూపిస్తుంది. మనం పెట్టే ప్యాకెట్ ఫుడ్‌లో విటమిన్ ఏ ఎలాగూ కలిపే ఉంటుంది. ఇప్పుడు ముప్పై కిలోల కుక్కకి రోజుకు ఎనిమిది నుంచి పది గ్రాముల ఎండు కార్జం, అంతే. శనగగింజంత ముక్కలుగా తుంచితే అదే ముప్పై నలభై సార్లు పెట్టడానికి వస్తుంది. కుక్క ముక్క సైజు చూడదు, ఎన్నిసార్లు దొరికిందన్నదే చూస్తుంది.

చేసే పద్ధతి నాలుగేళ్లలో చాలా మారింది. ఇప్పుడు ఇలా చేస్తున్నాను. కార్జం తేగానే ఒక్కొక్క ముక్కా తిప్పి చూస్తాను. ఆకుపచ్చగా పిత్తం సంచి అంటుకుని ఉంటే చుట్టూ కాస్త కార్జంతో సహా కోసి పారేస్తాను. అది పగిలితే అంతా చేదే. తర్వాత ఉప్పు, పసుపు, ఏమీ లేకుండా మరిగే నీళ్లలో వేసి మధ్యలో ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉడికిస్తాను. ఉల్లి, వెల్లుల్లి అసలు పనికిరావు, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కూరలో మిగిలిన కార్జం ముక్క పెట్టకూడదన్నది అందుకే. మొదట్లో పచ్చిదే ముక్కలు కోసి ఆరబెట్టేదాన్ని. అది తప్పని తర్వాత తెలిసింది. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకు వేడెక్కితే సాల్మొనెల్లా లాంటి క్రిములు వెంటనే చస్తాయి. తక్కువ వేడిలో ఆరబెడితే పైన తడి ఆవిరవుతూ ముక్కను చల్లగానే ఉంచుతుంది. ముక్క ఎండాక ఆ క్రిములు పొడి వేడికి మొండిగా తట్టుకుంటాయి. అందుకే ఉడకడం ముందు, ఎండడం తర్వాత. ఉడికిస్తే ఇంకో లాభం కూడా ఉంది, కార్జం గట్టిపడి కత్తికి లొంగుతుంది. పచ్చి కార్జం కోయడం ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు. ఆ నీళ్లు పారబొయ్యను, చల్లార్చి రెండు చెంచాలు బంటి అన్నంలో కలుపుతాను.

ఆరబెట్టడానికి మూడు దారులూ చూశాను. మొదటిది డాబా మీద ఎండ. వడియాలు పెట్టినట్టు గుడ్డ కప్పి పెట్టాను. ఈగలు, కాకులు, సముద్రపు తేమ. సాయంత్రానికి ముక్కలు మెత్తగానే ఉన్నాయి, వాసన మారింది. మొత్తం పారేశాను, మళ్లీ ఆ దారికి పోలేదు. కోస్తాలో ఉన్నవాళ్లకి ఇది వద్దే వద్దు. రెండోది ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్. మా దాంట్లో తక్కువలో తక్కువ వంద డిగ్రీలు. తలుపు సందులో చెక్క గరిటె పెట్టి, ఆవిరి పోయేలా రెండు రెండున్నర గంటలు ఉంచితే బాగా వస్తుంది. మధ్యలో ఒకసారి తిప్పాలి. అంచులు మాడకుండా చూసుకోవాలి. కిలోకి రెండు విడతలు పడుతుంది. మూడో ఏడాది, ఏడు వేలు పెట్టి డీహైడ్రేటర్ (తక్కువ వేడి గాలితో ఆరబెట్టే పెట్టె) కొన్నాను. 70 డిగ్రీల మీద ఎనిమిది తొమ్మిది గంటలు, కిలో ఒకేసారి, మాడే భయం లేదు. నెలకు ఒకసారి చేసేవాళ్లకి ఓటీజీ చాలు. రెండు మూడు కుక్కలున్న ఇంట్లో డీహైడ్రేటర్ డబ్బు తిరిగొస్తుంది. వాసన మాత్రం రెండిట్లోనూ ఒకటే, ఇల్లంతా పట్టేస్తుంది. మా అత్తయ్య మొదటి రోజే చెప్పారు, "అమ్మాయ్, వాడి తిండి వాడికి పెట్టు, ఆ పెట్టె మాత్రం వెనక వరండాలో పెట్టుకో." నాలుగేళ్లుగా అది అక్కడే ఉంది.

కార్జం తర్వాత నాకు నచ్చింది కోడి గుండెకాయలు. కొవ్వు గీసేసి సగానికి కోస్తే చాలు, విటమిన్ ఏ టెన్షన్ లేదు, రోజూ పెట్టొచ్చు. కందనకాయలు నమలడానికి బాగుంటాయి కానీ లోపలి పసుపు పొర, ఇసుక శుభ్రం చేయాలి, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ఎండితే రాయి అవుతాయి. పళ్లు గట్టిగా ఉన్న కుక్కకే. మేక ఊపిరితిత్తులు ఎండితే అటుకుల్లా తేలికగా, కరకరలాడుతూ వస్తాయి. బరువు తగ్గాల్సిన లాబ్రడార్‌కి అంతకంటే మంచి ట్రీట్ లేదు. కిడ్నీలు ఒక్కసారి చేసి ఆపేశాను, ఆ వాసన నా వల్ల కాలేదు.

మటన్ కార్జం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఖరీదైనది కదా, మంచిదే అయ్యుంటుంది అనుకుని ఆర్నెల్లు అదే పెట్టాను. ఒకసారి రక్తపరీక్షలో బంటి లివర్ ఎంజైములు ఎక్కువగా వచ్చాయి. డాక్టరు గారు ఏం పెడుతున్నారని అడిగి, మటన్ కార్జం అనగానే ఆపేయమన్నారు. కొన్ని జాతుల్లో, అందులో లాబ్రడార్లు, డాబర్‌మ్యాన్లు ఉన్నాయి, కాలేయంలో రాగి పేరుకుపోయే జబ్బు వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉందట. వంద గ్రాముల గొర్రె కార్జంలో దాదాపు 7 మిల్లీగ్రాముల రాగి ఉంటే, కోడి కార్జంలో అర మిల్లీగ్రామే. విటమిన్ ఏ కూడా గొర్రెదాంట్లో కోడిదానికి రెట్టింపు. మార్చిన మూడు నెలలకు పరీక్ష మామూలుకొచ్చింది. బంటికి ఆ జబ్బే ఉందని ఎవరూ చెప్పలేదు, మటన్ కార్జమే కారణమని కూడా నేను అనను. కానీ లాబ్రడార్‌ని పెంచేవాళ్లు కోడిదాంతోనే ఆగడం మంచిదని గట్టిగా చెప్తాను. డాల్మేషియన్ ఉన్నవాళ్లు ఏ కార్జమూ పెట్టకండి. వాటికి యూరిక్ యాసిడ్‌తో మూత్రంలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ, కార్జం ఆ యాసిడ్‌ని ఇంకా పెంచుతుంది.

ఇంకొక విషయం, నన్ను నిజంగా బాధపెట్టేది. మటన్ కొట్ల ముందు పచ్చి ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు వీధి కుక్కలకు విసురుతుంటారు. దయతోనే చేస్తారు. గొర్రె, మేక కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఒక్కోసారి నీటి బుడగల్లాంటి తిత్తులుంటాయి. అది హైడాటిడ్ జబ్బు. ఆ తిత్తి పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్కకి ఏమీ తెలియదు, హాయిగా తిరుగుతుంది. దాని మలంతో పోయిన గుడ్లు గడ్డిలోంచి మళ్లీ గొర్రెకీ, మట్టిలో ఆడుకునే పిల్లల చేతులకీ చేరతాయి. మనిషి కాలేయంలో ఆ తిత్తి ఏళ్ల తరబడి పెరిగి, చివరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. బాగా ఉడికిస్తే ఇదంతా అక్కడే ఆగిపోతుంది. అందుకే మేకదేది తెచ్చినా కోసి లోపల చూస్తాను, తిత్తి కనిపిస్తే ఏ కుక్కకీ అందకుండా పూడ్చేస్తాను, మిగతాది ఎక్కువసేపు మరిగిస్తాను. డాక్టరు గారు చెప్పిన లెక్క ప్రకారం ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు కూడా తప్పకుండా వేస్తాను.

నిల్వ విషయంలో నాకు పాఠం నేర్పింది కార్తీక మాసం. ఆ నెలంతా మా ఇంట్లో నీచు వండం, ఫ్రిజ్‌లో పెట్టం. మొదటి ఏడు ముందుగానే రెండు కిలోలు చేసి స్టీలు డబ్బాలో పోసి వరండా అలమారాలో పెట్టాను. పన్నెండో రోజు మూత తీస్తే ముక్కల మీద తెల్లటి బూజు. ఆరువందల గ్రాములు, మొత్తం చెత్తలోకే. ముక్క వంగితే లోపల తడి ఉన్నట్టు, టప్‌మని విరిగితే ఎండినట్టు. అప్పుడు నావి వంగాయి. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు విరిగేదాకా ఆరబెడతాను, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేస్తాను, బయట వారానికి మించి ఉంచను. మిగతాది ఫ్రీజర్‌లో మూడు నెలలైనా బాగుంటుంది. కార్తీకంలో మాత్రం ఆ సంచులు గాజువాకలో ఒక్కడే ఉండే మా తమ్ముడి ఫ్రిజ్‌లో ఉంటాయి. ఆదివారం వెళ్లి వారానికి సరిపడా తెచ్చుకుంటాను.

బంటి ఇప్పుడు ఒక్క పిలుపుకి వస్తాడు. అంతకంటే నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇంకొకటి. మా వీధిలో నాలుగు కుక్కలు మనిషి చేతికి దొరికేవి కావు. రోజూ సాయంత్రం ఒక్కో ముక్క, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, చివరికి చేతిలోంచి. రెండు నెలల్లో నాలుగిటికీ యాంటీ రేబీస్ టీకా వేయించగలిగాం. వాటిలో ముసలిదానికి పళ్లు లేవు. దానికోసం వేరేగా చేస్తాను: అరకిలో ఉడికించిన కార్జం మిక్సీలో వేసి, రెండు గుడ్లు, ఒకటిన్నర కప్పు రాగిపిండి కలిపి, ఓటీజీలో 180 డిగ్రీల మీద అరగంట. కేక్‌లా మెత్తగా వస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులే ఉంటుంది, అందుకే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. చికెన్ కొట్టు అబ్బాయికి ఇదంతా తెలుసు. శనివారం నన్ను చూడగానే అడుగుతాడు, "అమ్మా, ముసలిదానికి అరకిలో వేరే కట్టనా?"